పండుగప్ప తాత మూతెత్తిన మూడు దినాలు

చేప నీటిపైకి మూతి ఎత్తితే మూడు దినాల్లో వాన పడుతుందని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఒక నమ్మకం ఉంది. ఈ ప్రాంతంలో చేపలు తక్కువ కనుక దాన్ని పరీక్షించే అవకాశం అరుదు. వాన అంతకంటే తక్కువ కనుక పరీక్షించే ఓపిక ఎవరికీ ఉండదు. మూడు దినాలను ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో, వాన ఏ ఊళ్లో పడాలో నమ్మకం చెప్పదు. చెప్పకపోవడం వల్లనే అది ఇంతకాలం ఆరోగ్యంగా ఉంది.

ఎమ్మిగనూరు చేనేత సొసైటీ షెడ్డు వెనుక రెండు సిమెంటు తొట్లున్నాయి. ఒకప్పుడు వాటిలో నూలుకు రంగు వేసేవారు, ఒకదానిలో నలుపు, రెండోదానిలో ఎరుపు. రంగు వేసిన నూలే బయటి నుంచి రావడం మొదలయ్యాక తొట్లకు పని పోయింది. అద్దకం పనిలో పేరున్న వీరేశానికి కూడా పోయింది. వీరేశం మగ్గం ఎక్కాడు. తొట్లలో విరిగిన కుర్చీలు చేరాయి.

ఆ తొట్లను అడిగింది వీరేశం భార్య మహాదేవి. షెడ్డు దగ్గరి బోరునీళ్లు ఉప్పన. తాగడానికి పనికిరావు, అద్దకానికి అసలే పనికిరావు. ఉప్పునీటిలో బతికేదేదో కనుక్కుందామని ఆమె మహిళా సంఘం తరఫున కోస్తాకు పోయి పది రోజులు శిక్షణ పొందింది. సముద్రపు చేపపిల్లలను చిన్నప్పుడు ఉప్పునీటిలో సాకి, ఉప్పు మెల్లమెల్లగా తగ్గిస్తూ వేలెడంత పొడవు చేస్తే చెరువుల వాళ్లు పట్టుకుపోతారని అక్కడ తెలుసుకుని వచ్చింది.

సొసైటీ అధ్యక్షుడు ఉచ్చీరప్ప ఆమె చెప్పిందంతా విని, ఒక్క షరతు పెట్టాడు. ఐదువందల పిల్లలు వదలాలి. నలభై రోజుల తర్వాత మూడువందలు బతికుంటే రెండు తొట్లూ ఐదేళ్లపాటు మహాదేవివి. ఒకటి తగ్గినా తొట్లు పూడ్చి బండ్లు నిలుపుకునే జాగా చేస్తారు. మహాదేవి ఒప్పుకుంది. మగ్గం మీద ఇద్దరికి పని లేదు, ఆమెకు వేరే దారీ లేదు.

మే మూడో తేదీన చేపపిల్లలు ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్ సంచుల్లో ఆదోని రైల్వే స్టేషన్‌లో దిగాయి. అక్కడి నుంచి కాశప్ప ఆటోలో ఎమ్మిగనూరు చేరాయి. దారి పొడవునా కాశప్ప అద్దంలో వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

"అక్కా, ఏం సేపలివి?"

"పండుగప్ప."

"ఎవురి కొడుకు?"

మహాదేవి నవ్వి ఊరుకుంది. ఊరుకోకుండా ఉండాల్సింది. కోస్తాలో అది చేప పేరు. సిద్దప్పలు, కాశప్పలు, ఉచ్చీరప్పలు తిరిగే వీధిలో అది నిస్సందేహంగా మనిషి పేరు. చేపకు మనిషి పేరు ఊరికే పెట్టరు కదా. ఎవరో మహానుభావుడు చేపగా పుట్టి ఉండాలి. ఈ సీమలో మహానుభావులందరినీ తాత అనే పిలుస్తారు. వారం తిరిగేసరికి నల్లరంగు తొట్టిలో ఉన్నవాడు పండుగప్ప తాత అయ్యాడు. ఐదువందల మంది ఉన్నా ఏకవచనమే వాడారు.

తాత మహిమ పదిహేడో తేదీ మధ్యాహ్నం బయటపడింది. కరెంటు పోయి, నీటిలోకి గాలి ఊదే పంపు ఆగింది. మహాదేవి మేత కోసం బజారుకు పోయింది. షెడ్డు వెనుకకు నీడ కోసం వచ్చిన రామమ్మ అనే ముసలామె తొట్టిలోకి తొంగిచూసి నిలబడిపోయింది. గోరంత చేపలు వందల కొద్దీ నీటిపైకి వచ్చి, నోళ్లు తెరిచి మూస్తున్నాయి.

మహాదేవి తిరిగి వచ్చేటప్పటికి తొట్టి చుట్టూ పదిమంది ఉన్నారు. రామమ్మ చేతిలో ఖాళీ బిందె ఉంది. తొట్టి నీళ్లు తెల్లగా ఉన్నాయి.

"అవ్వా! ఏం పోసినావు దీంట్లో?"

"పడుగుకు పెట్టంగ మిగిలిన గంజి పాపా. ఎండకు నోరు తెరుస్తాంటే సూసి కడుపు తరుక్కపాయ. గంజి సలవ గదా."

"అయి గంజి తాగవవ్వా! గంజి కుళ్లితే నీళ్లలో ఉండే రవంత గాలీ పోతాది."

"తాగకుంటే నోరెందుకు తెరుస్తాండారు? తాత వాన అడుగుతాండాడు."

"వాన గాదు, గాలి అడుగుతాండాయి."

"రెండూ పైనుంచి వచ్చేటియే గదమ్మే," అంది రామమ్మ.

మహాదేవి బకెట్టు అందుకుంది. సగం తొట్టి తోడిపోసింది. ఈలోగా కరెంటు వచ్చింది, కొత్త నీళ్లు పట్టింది. చచ్చిన పిల్లలు తొమ్మిది.

ఆ రాత్రి అన్నం తింటూ భర్తకు లెక్క వివరించింది. "నీళ్లు ఆదోని బస్సనుకో, దాంట్లో గాలి సీట్లనుకో. సల్లటి నీళ్లలో సీట్లెక్కువ. వేడెక్కితే సీట్లు తగ్గుతాయి. ఉప్పు కలిస్తే ఇంకా తగ్గుతాయి. ఎండాకాలం పిల్లసేపకు గాలి ఎక్కువ కావల్ల. సీట్లు తగ్గినబ్బుడే జనం ఎక్కుతారు."

"అందుకే టాపు మీదికెక్కినాయంటావు," అన్నాడు వీరేశం.

మరునాడు సాయంకాలం కాశప్ప ఆటో వీధిలోకి హారన్ మోగిస్తూ వచ్చింది. "దేవరగట్టు కాడ వాన దంచింది! హొళగుంద రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు!" అన్నాడు. ఆ మోకాలు ఎవరిదో ఎవరూ అడగలేదు. తాత మూతి ఎత్తి ఒక్క దినమే అయింది, వాన పడనే పడింది. ఎమ్మిగనూరులో ఎందుకు పడలేదన్న ప్రశ్నకు రామమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. మహాదేవి పంపు వేసి తాత మూతి దించింది. వస్తున్న వాన హొళగుందలో ఆగిపోయింది.

పొద్దునకల్లా తొట్టి దగ్గర జనం చేరారు. పసుపు, మజ్జిగ, అంబలి వచ్చాయి. మహాదేవి తొట్టిగట్టు మీద కూర్చుని రెండు చేతులూ అడ్డం పెట్టినా ఒక చెంబు అంబలి లోపల పడింది. అది పడిన గంటకు ఆ మూలన చేపలు మూతులెత్తాయి. చూశారా, నైవేద్యం ముట్టిందన్నారు. ముట్టింది కనుక ఇంకో చెంబు తెచ్చారు. పెట్టిన దానివల్ల ఊపిరాడక నోరు తెరిచిన దేవుడికి ఆకలి తీరలేదని మళ్లీ పెట్టే పద్ధతి ఇక్కడ కొత్తది కాదు. కాకపోతే మిగతా దేవుళ్లు రాతివాళ్లు.

ఉచ్చీరప్ప వచ్చాడు. ఆయనకు తాత మీద నమ్మకం లేదు, వీధి మీద ఉంది.

"మహాదేవీ, మూడు దినాలు పంపు ఆపుమ్మా. వాన వస్తే మంచిదే గదా."

"మూడు దినాలు గాదు మామా, మూడు గంటలాపినా ఒగ సేప మిగల్దు. అబ్బుడు తొట్లు పూడుస్తారు. పంపాపమనేది మీరే, పూడ్సేది మీరే."

"వీధంతా అడుగుతాండాదమ్మా. నేనేం సేసేది?"

మహాదేవి పంపు స్విచ్చి దగ్గరికి పోయి నిలబడింది. "సరే. మూతి ఎత్తితే వాన వస్తాదంటారు. మూతి నేను ఎత్తిస్తా. యాల సెప్పండి. పొద్దున పదికి ఎత్తియ్యల్లా, పదకొండుకా?"

"ఏమ్మే, తాతకే టైం పెడతావా?" అన్నాడు సిద్దప్ప. సొసైటీలో ఏ తీర్మానానికైనా మొదటి అభ్యంతరం అతనిదే.

"తాతకు గాదు, పంపుకు."

గంటసేపు వాదించుకుని షరతులు సొసైటీ నోటీసు బోర్డు మీద సుద్దముక్కతో రాశారు. ఇరవై ఒకటో తేదీతో మొదలుపెట్టి మూడు పొద్దులు పదింటికి పంపు ఆపాలి. తొట్టిలో మూతులెత్తిన టైము రాయాలి. మందు చుక్కల పరీక్షలో నీటిలోని గాలి లీటరుకు మూడు మిల్లీగ్రాములకు దిగగానే మహాదేవి పంపు వేసుకోవచ్చు. మొదటిసారి మూతులెత్తిన గడియ నుంచి డెబ్బై రెండు గంటలు లెక్క. గంజి, అంబలి నిషిద్ధం. వాన పడితే పంపు విషయం వీధి చెప్పినట్టు. పడకపోతే తొట్టిని ఎవరూ ముట్టకూడదు.

"వానంటే ఎంత?" అని సిద్దప్ప అడిగాడు. "నా నెత్తిన ఒగ సుక్క పడినా వానే గదా?"

"నీ నెత్తి గాదు, షెడ్డు సూరు లెక్క," అన్నాడు ఉచ్చీరప్ప. "సూరు కారితే వాన. హొళగుంద సెల్లదు."

ఇరవై ఒకటిన పదింటికి పంపు ఆగింది. పది నలభై ఏడుకు మూతులెత్తాయి. రామమ్మ దండం పెట్టింది. మహాదేవి చిన్న సీసాలోకి నీళ్లు తీసి మందు చుక్కలు వేసింది. గాలి ఎక్కువుంటే ఆ నీరు ముదురు గోధుమరంగుకు వస్తుంది, తగ్గేకొద్దీ పలచబడుతుంది. రంగు పోల్చి చూసుకోవడానికి శిక్షణలో ఒక అట్ట ఇచ్చారు. వీరేశానికి అట్ట అవసరం లేదు. ముప్పై ఏళ్లు రంగు చూసిన కన్ను అతనిది.

"మూడుకు వచ్చిందిమే. యెయ్యి."

పంపు వేశారు. పదకొండున్నరకు చేపలు అడుగుకు దిగాయి. రామమ్మ మళ్లీ దండం పెట్టింది. వీధి మొత్తం ఇంటికి పోయి ఆకాశం వంక చూస్తూ అన్నం తిన్నది.

ఇరవై రెండున ఎండ ముందే లేచింది. తొట్టి నీటి వేడి ముప్పై ఆరు డిగ్రీలు. పదింటికి పంపు ఆపారు, పది ముప్పై ఎనిమిదికే మూతులెత్తాయి. వీరేశం సీసా ఎత్తి చూసి తల ఊపాడు. మహాదేవి స్విచ్చి వేసింది.

పంపు కదల్లేదు. ఆమె మళ్లీ వేసింది. షెడ్డులో ఫ్యాను కూడా తిరగడం లేదు. కాశప్ప ఫోను చేసి కనుక్కుంటే ఎక్కడో తీగ తెగిందని, సాయంత్రం దాకా ఆశ పెట్టుకోవద్దని చెప్పారు.

మహాదేవి చెంబు తీసుకుని తొట్టి నీళ్లే పైకెత్తి పోయసాగింది. పక్కనున్నవాళ్లు నవ్వారు. "అభిషేకమా?" అన్నాడు సిద్దప్ప. ఆమె పోస్తూనే ఉంది. పదకొండుకు చేపపిల్లల ఒళ్లు పాలిపోయింది. పదకొండుంబావుకు కొన్ని పక్కకు ఒరిగి, తెల్లని పొట్టలు చూపిస్తూ గుండ్రంగా తిరిగాయి. అప్పుడు నవ్వు ఆగింది.

"మూతి ఎత్తినాడు గానీ కండ్లు తేలేస్తాండాడే," అన్నాడు కాశప్ప.

వీరేశం సీసా చూశాడు. నీరు ఎండుగడ్డి రంగుకు దిగింది. "రెండు గూడా లేదు. సెంబులతో అయ్యే పని గాదిది," అన్నాడు. ఉన్నట్టుండి షెడ్డు వైపు తిరిగి అరిచాడు. "అద్దకం కర్రలు యాడుండాయిరా? చిలపలు తీయండి! తెల్ల నూలు చిలపలు!"

నూలు అద్దేటప్పుడు చిలపలను, అంటే చుట్టగా కట్టిన నూలు కట్టలను, పొడుగాటి కర్రలకు వేలాడదీసి ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుంటారు. తొట్టిలో ముంచి, ఎత్తి, మళ్లీ ముంచుతారు. ఎత్తిన ప్రతిసారీ వేల పోగుల వెంట నీరు గాలిలో సన్నగా కారుతుంది. రంగు సమంగా పట్టడానికి పుట్టిన పని అది. వీరేశానికి కావలసింది ఆ కారే నీరు.

చిలపలు గోదాములో ఉన్నాయి. తాళంచెవి ఉచ్చీరప్ప మొలతాడుకు ఉంది. అవి వచ్చే పడుగుకు ఉతికి పెట్టిన నూలు.

"ఉప్పునీళ్లలో ముంచితే నూలేమైతాది వీరేశా?"

"మల్ల ఉతుకుతా మామా, నేనే ఉతుకుతా. బిరీన ఇయ్యి."

ఉచ్చీరప్ప చేయి మొలతాడు దాకా పోయి ఆగింది. రామమ్మ ముందుకు వచ్చింది.

"తాత సస్తాంటే నూలు సూసుకుంటాండావా ఉచ్చీరప్పా?"

"నిన్నటిదాకా మూతెత్తల్ల, పంపాపల్ల అంటివి గదవ్వా!"

"మూతెత్తల్ల అంటి. కండ్లు మూయల్ల అంటినా?"

తాళం తీశారు. మగ్గాల మీది నుంచి ఎనిమిదిమంది మగవాళ్లు లేచి వచ్చి తొట్టికి అటు నలుగురు, ఇటు నలుగురు నిలబడ్డారు. ఏడేళ్లుగా ఆ పని చేయని చేతులు మొదటి పది ఎత్తులకు ఒకదానికొకటి కలవలేదు. తర్వాత కలిశాయి. "ఎత్తు" అని వీరేశం అనేవాడు, ఎత్తేవారు. "దింపు" అనేవాడు, దింపేవారు. మహాదేవి చచ్చినవాటిని వలతో తీసి పక్కన పెడుతూ పోయింది. ఆడవాళ్లు అమ్ముడుపోని పంచెలు తెచ్చి తొట్టికి పైన పందిరిలా కట్టారు. వాన రావాలని వచ్చినవాళ్లందరూ చెమటతో తడిసిపోయారు.

"దింపు మూతి, దింపు! తాతా, దింపప్పా!" అని సిద్దప్ప కర్ర ఎత్తుతూ బతిమాలుతున్నాడు. తను దేన్ని కోరుతున్నాడో అతనికి ఎవరూ గుర్తుచేయలేదు. ఎవరికీ ఊపిరి తీసుకునే తీరిక లేదు.

పన్నెండున్నరకు సీసాలో నీరు చెరుకురసం రంగుకు వచ్చింది. ఒకటీ పదికి బెల్లం రంగు తిరిగింది.

"నాలుగు," అన్నాడు వీరేశం. "ఆపొద్దండి. ఎత్తు."

ఒకటిన్నరకు చేపలు ఒక్కొక్కటే కిందికి పోయాయి. కర్రలు మాత్రం ఆగలేదు. మనుషులు మారుతూ కరెంటు వచ్చిన ఐదూ నలభై దాకా ఎత్తి దింపారు. ఉచ్చీరప్ప కూడా అరగంట పట్టాడు. మహాదేవి చచ్చిన పిల్లలను గట్టు మీద వరసగా పెట్టి లెక్కించింది. డెబ్బై మూడు. గంజికీ అంబలికీ చచ్చినవీ, కనబడకుండా పోయినవీ తీసేస్తే లోపల నాలుగువందల లోపు ఉంటాయి. పండుగప్పలో పెద్దది చిన్నదాన్ని మింగుతుంది కనుక ఇంకా ఇరవై రోజుల్లో మరికొన్ని పోతాయి.

"సాల్లేమ్మా. రేపు పంపాపొద్దు," అన్నాడు ఉచ్చీరప్ప.

"అట్లెట్లా?" అన్నాడు సిద్దప్ప. అతని అరచేతులు బొబ్బలెక్కాయి, నోరు బాగానే ఉంది. "మూడు పొద్దులు ఎత్తిస్తామని రాసుకున్నాం. రేపు ఎత్తియ్యకుండా వాన రాలేదంటే తప్పు తాతది గాదు."

కర్రలు పట్టినవాళ్లు అతని మీద విరుచుకుపడబోతే మహాదేవి ఆపింది. అతను చెప్పింది న్యాయమే. ఇప్పుడు వదిలేస్తే వచ్చే ఎండాకాలం మళ్లీ గంజి బిందె వస్తుంది. ఆమె బోర్డు దగ్గరికి పోయి రాసినదాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది.

"తొట్టి అని రాసినారు. ఏ తొట్టి అని రాయలేదు. ఎన్ని సేపలనీ రాయలేదు."

ఇరవై మూడో తేదీ పొద్దున పక్కనున్న ఎర్రరంగు తొట్టిలో జానెడు నీళ్లు పట్టి, పది చేపలను వదిలింది. దానికి వేరే గొట్టంతో గాలి పెట్టి, పదింటికి అది తీసేసింది. పది ముప్పై ఒకటికి పది మూతులూ లేచాయి. సిద్దప్ప వంగి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"పదీ ఎత్తినాయి," అన్నాడు.

"రాయి," అంది మహాదేవి. అతను రాసేలోగా పదింటినీ వలతో ఎత్తి పంపు నడుస్తున్న తొట్టిలోకి మార్చింది.

ఇరవై నాలుగున పదింటికే జనం షెడ్డు ముందు చేరి చూరు కింద నిలబడ్డారు. కొందరు చేతులు చాచి చూశారు. ఆకాశంలో దక్షిణం వైపు ఒక మబ్బు ఉండింది. సిద్దప్ప దాన్నే చూస్తున్నాడు. అది పత్తికొండ వైపు పోయింది.

"ఇంగెంత సేపప్పా?" అంది రామమ్మ.

"రెండు నిమిషాలవ్వా," అన్నాడు కాశప్ప ఫోను చూసి.

పది నలభై ఏడు అయింది. ఉచ్చీరప్ప తలెత్తి చూరు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. తర్వాత సుద్దముక్క తీసుకుని బోర్డు కింద ఖాళీలో రాశాడు:

మే 21, పొద్దున 10.47కు మూతులు ఎత్తినవి. మే 22, 10.38కి ఎత్తినవి. మే 23, 10.31కి ఎత్తినవి. మే 24, 10.47 వరకు చూరు కారలేదు.

దాని కింద తర్వాతి రోజుల్లో మరి రెండు పంక్తులు చేరాయి:

మే 25, మధ్యాహ్నం 3.15కు చూరు కారింది. నలభై నిమిషాలు వాన. ఆ సమయాన పంపు నడుస్తున్నది, చేపలు అడుగున ఉన్నవి.

జూన్ 12, లెక్క: మూడువందల ఇరవై ఏడు. తొట్లు రెండూ మహాదేవి పేర.